గో ఎరౌండ్ అనడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు

మీరు అడిగినదాని సారాంశం ముందు చెప్పి జవాబులోకి వస్తాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి ప్రశ్న కాదు. మీరు కమర్షియల్ పైలట్ లైసెన్స్, టైప్ రేటింగ్ (ఒక రకం విమానాన్ని నడిపే అర్హత) పూర్తిచేసి ఏ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరి ఏడాది దాటింది. ‘మీ తరానికి బటన్లు నొక్కడం తప్ప విమానం నడపడం రాదు’ అని సీనియర్ కెప్టెన్లు, ముఖ్యంగా వాయుసేన నుంచి వచ్చినవారు, ముఖం మీదే అంటున్నారు. ‘వాళ్లకు అహంకారం తప్ప టీమ్‌వర్క్ తెలియదు’ అని మీ తోటి ఫస్ట్ ఆఫీసర్లు చాటుగా అనుకుంటున్నారు. ఇటీవల ఒక అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగే దశలో, ఎత్తూ వేగమూ రెండూ ఎక్కువగా ఉన్నాయని తెలిసినా మీరు ‘కొంచెం హై ఉన్నామేమో సర్’ అని ఊరుకున్నారు. కెప్టెన్ అలాగే కొనసాగించి, మెత్తగా దింపి, బే (విమానం నిలిపే చోటు) దగ్గరకు వచ్చాక ‘చూశావా, దీన్నే ఫ్లయింగ్ అంటారు’ అన్నారు. పైలట్‌కు నైపుణ్యం ముఖ్యమా, టీమ్‌వర్క్ ముఖ్యమా, ఆ అప్రోచ్ గురించి ఇప్పుడు రిపోర్టు రాయాలా అన్నవి మీ ప్రశ్నలు. ఏ320 మీద కెప్టెన్‌గా, ఆ తర్వాత శిక్షకుడిగా చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

ఆ అప్రోచ్ సంగతి ముందు తేల్చుకుందాం. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి విమానం సరైన దారిలో, సరైన వేగంతో, చక్రాలూ ఫ్లాప్స్ ల్యాండింగ్‌కు దించి, ఇంజిన్ల శక్తి తగిన స్థాయిలో నిలకడగా ఉండాలి. వాతావరణం తేటగా ఉంటే కొన్ని సంస్థలు ఈ గడువును 500 అడుగుల దాకా సడలిస్తాయి. ఆ గడువులో నిలకడ రాకపోతే గో ఎరౌండ్ చేయాలి, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలి, అంతే. ఇందులో కెప్టెన్ అభిప్రాయానికి గానీ మీ అభిప్రాయానికి గానీ చోటు లేదు. అందుచేత ల్యాండింగ్ ఎంత మెత్తగా జరిగినా ఆ అప్రోచ్ కొనసాగించడం తప్పే, దాన్ని నైపుణ్యానికి నిదర్శనంగా చూపడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ తప్పు ఒక్క మీ కెప్టెన్‌దే అనుకోకండి. ప్రపంచవ్యాప్తంగా నిలకడ లేని అప్రోచ్‌లలో గో ఎరౌండ్‌తో ముగిసేవి నూటికి మూడేనని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. మిగతా తొంభై ఏడింటిలో దాదాపు అన్నీ క్షేమంగానే దిగుతాయి, అసలు చిక్కు అక్కడే ఉంది. నియమం తప్పిన ప్రతిసారీ క్షేమంగా దిగుతూ ఉంటే, నియమం చేతకానివాళ్ల కోసం పెట్టారన్న నమ్మకం మనిషిలో బలపడుతుంది.

నైపుణ్యమా, టీమ్‌వర్కా అని అడగడమే దారి తప్పిస్తుంది. పక్క సీటులోని మనిషి చేస్తున్న పనిని కనిపెట్టి ఉండడం, తేడా వస్తే నిర్ణయించిన మాటల్లో చెప్పడం, స్పందన లేకపోతే కంట్రోల్స్ తీసుకోవడం అనేవి మర్యాదకు, మంచితనానికి సంబంధించిన విషయాలు కావు. పక్కగాలిలో ల్యాండింగ్ ఎలాగో ఇవీ అలాగే నేర్పవలసిన, పరీక్షించవలసిన, రాకపోతే ఫెయిల్ చేయవలసిన వృత్తి నైపుణ్యాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో రూపొందించిన ఎవిడెన్స్ బేస్డ్ ట్రైనింగ్‌లో చేతితో నడపడం, ఆటోమేషన్ వాడడం, సంభాషణ, నాయకత్వం, జట్టు పని, పనిభారం నిర్వహణ అన్నీ ఒకే మూల్యాంకనంలో పక్కపక్కనే ఉంటాయి. కాగితం మీద ఈ తగాదా ఎప్పుడో తీరిపోయింది. మనుషుల మధ్య తీరలేదు, ఎందుకంటే మనుషుల మధ్య నడుస్తున్నది నైపుణ్యం గురించిన తగాదా కాదు.

సీటు, సీనియారిటీ, జీతం గురించిన తగాదాలే మన వృత్తిలో నైపుణ్యం పేరు పెట్టుకుని తిరుగుతాయి. దీనికి మన దేశంలోనే స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి గానీ పైలట్లు రెండు సంఘాలుగానే మిగిలారు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమాన వేతనం కోసం సమ్మె చేశారు. 2012 మే నెలలో ఎయిర్ ఇండియా వైపు పైలట్లు సమ్మెకు దిగి 58 రోజులు కొనసాగించారు. రాబోతున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్ మీద శిక్షణకు రెండో వైపు పైలట్లను కూడా పంపడం ఆ సమ్మెకు ప్రధాన కారణం. ఎవరు ఆ విమానాన్ని బాగా నడపగలరన్నది అక్కడ ప్రశ్నే కాదు. కొత్త విమానం మీద శిక్షణ అంటే ఎవరు ముందు కమాండ్‌కు, అంటే కెప్టెన్ సీటుకు వెళ్తారు, ఎవరి జీతం పెరుగుతుంది, ఎవరు విదేశీ రూట్లు తిరుగుతారు అన్నవే. రెండు పక్షాల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. కానీ సిమ్యులేటర్ (నేలమీద శిక్షణకు వాడే నకలు కాక్‌పిట్) స్లాటు ఒక ఆస్తిగా మారినప్పుడు, పక్క సీటులోని మనిషి సామర్థ్యం గురించి నిజాయితీగా మాట్లాడుకునే వాతావరణం ముందుగా చచ్చిపోతుంది. 2000ల నాటి విస్తరణలో కెప్టెన్ల కొరత తీర్చడానికి మన సంస్థలు విదేశీ కెప్టెన్లను ఎక్కువ జీతాలకు తెచ్చుకున్నప్పుడు, కమాండ్ కోసం ఎదురుచూస్తున్న మన ఫస్ట్ ఆఫీసర్లలో కలిగిన అసంతృప్తి కూడా ఈ కోవలోదే.

వాయుసేన, సివిల్ తగాదా గురించి ఎక్కువ రాయను. ఫైటర్ల నుంచి వచ్చినవారికి ఒంటరిగా నిర్ణయాలు తీసుకునే అలవాటు ఉంటుందన్న మాటలో కొంత నిజముంది. కానీ ఏఎన్-32 విమానాన్ని లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీ లాంటి ఎత్తైన చోట సిబ్బందితో కలిసి దింపి వచ్చిన రవాణా పైలట్‌కు క్రూ అంటే ఏమిటో మనం చెప్పనక్కరలేదు. మనిషి ఎక్కడ నుంచి వచ్చాడన్నది చూసి అంచనాకు రావడం మీరు మానుకుంటే, మీ గురించి అలా అంచనా వేయవద్దని అడిగే హక్కు మీకు వస్తుంది.

గంటల లెక్క కూడా అలాంటిదే. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫలో దగ్గర కోల్గన్ సంస్థ క్యూ400 విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు విమానాన్ని మోసే శక్తి కోల్పోయి, కూలి 50 మంది మరణించాక, ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలని అక్కడ నియమం తెచ్చారు. ఆ ప్రమాదంలోని పైలట్లిద్దరికీ అప్పటికే 1,500 గంటలు దాటాయి. లోపం గంటల్లో లేదు. వేగం పడిపోతున్నా ఇద్దరిలో ఎవరూ గమనించకపోవడంలో ఉంది, స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ విమానం ముక్కు దించకుండా పైకి లాగడంలో ఉంది. మన దేశంలో 200 గంటలతో కమర్షియల్ లైసెన్స్ వస్తుంది కనుక పది వేల గంటల కెప్టెన్ పక్కన మూడు వందల గంటల ఫస్ట్ ఆఫీసర్ కూర్చోవడం మామూలు విషయం. అది దానికదే ప్రమాదం కాదు. అయితే ఆ ఇద్దరి మధ్య ఉన్న ఎత్తుపల్లం అమెరికా కాక్‌పిట్‌లో కన్నా ఎంతో నిటారుగా ఉంటుంది కనుక, దాన్ని దాటి మాట చేరే శిక్షణ మనకు వాళ్లకన్నా ఎక్కువ అవసరం.

సీనియర్ల ఫిర్యాదులో నిజమైన భాగం ఒకటి ఉంది, దాన్ని మీ తరం తోసిపుచ్చకూడదు. చేతితో నడపడం తగ్గిపోయింది. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447లో పీటో ట్యూబులకు (వేగం కొలిచే గొట్టాలకు) మంచు పట్టి, వేగం అంకెలు నమ్మలేనివై, ఆటోపైలట్ తనంతట తాను విడిపోయింది. విమానానికి మరే జబ్బూ లేదు. కెప్టెన్ విశ్రాంతికి వెళ్లాడు, సీట్లలో ఇద్దరు కో-పైలట్లు ఉన్నారు. నడుపుతున్న కో-పైలట్ సైడ్‌స్టిక్‌ను (విమానాన్ని నడిపే పిడిని) వెనక్కు లాగి ముక్కు ఎత్తాడు, స్టాల్ హెచ్చరిక మోగుతున్నా దాదాపు చివరిదాకా లాగుతూనే ఉన్నాడు, 228 మంది చనిపోయారు. అంత ఎత్తులో చేతితో నడిపే శిక్షణ ఆ పైలట్లకు ఇవ్వనేలేదు. 2013లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, వీలైనప్పుడల్లా చేతితో నడపడాన్ని ప్రోత్సహించమని సంస్థలకు సూచించింది. కాబట్టి మీ సంస్థ విధానం అనుమతించే మేరకు, వాతావరణం తేటగా, ట్రాఫిక్ పలచగా ఉన్న రోజున, ముందే బ్రీఫింగ్‌లో చెప్పి, ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ (ఇంజిన్ల శక్తిని తనంతట తాను సర్దేది), ఫ్లైట్ డైరెక్టర్లు (ఎటు నడపాలో తెర మీద చూపే గుర్తులు) తీసేసి అప్రోచ్ చేయడానికి అవకాశం అడగండి. ‘రాదు’ అన్న కెప్టెన్‌నే అడగండి. నాకు తెలిసిన చాలామంది కఠినమైన కెప్టెన్లు అడిగినవాడిని కాదనలేదు.

అయితే అదే ప్రమాదాన్ని ‘కుర్రవాళ్లకు చేతిపని రాదు’ అనడానికి మాత్రమే వాడుకునేవారు దాని రెండో సగాన్ని వదిలేస్తారు. ఎయిర్‌బస్ సైడ్‌స్టిక్‌లు ఒకదానితో ఒకటి కలిసి కదలవు. పక్కవాడు లాగుతున్నాడో తోస్తున్నాడో చేతికి తెలియదు, ఇద్దరూ ఒకేసారి కదిపితే రెండూ కలిపి లెక్కవుతాయి. ఎవరి చేతిలో విమానం ఉందో నోటితో తేల్చుకోకపోతే ఎంత గొప్ప చేతిపని ఉన్నా ప్రయోజనం లేదు. ఆ ముగ్గురూ, చివర్లో వచ్చిన కెప్టెన్‌తో సహా, ఆ ఒక్క పని సరిగా చేయలేకపోయారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నైపుణ్యానికి ఏ లోటూ లేని కెప్టెన్ల చేతుల్లో జరిగిన ప్రమాదాలు చాలా ఉన్నాయి. 1978 నుంచి 1990 వరకు అమెరికా ఎయిర్‌లైన్స్‌లో సిబ్బంది పొరపాట్లతో ముడిపడిన 37 పెద్ద ప్రమాదాలను ఆ దేశ ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1994లో పరిశీలించింది. వాటిలో నూటికి ఎనభైకి పైగా కెప్టెన్ నడుపుతున్నప్పుడే జరిగాయి, 31 ప్రమాదాల్లో పక్కవారు కనిపెట్టి ఉండడంలో, ఎదురు చెప్పడంలో లోపం ఉంది. మామూలు రోజుల్లో ఇద్దరూ వంతులవారీగా నడుపుతారు కదా, మరి ప్రమాదాలు కెప్టెన్ వంతులో ఎందుకు పోగుపడ్డాయి? ఫస్ట్ ఆఫీసర్ నడుపుతూ తప్పు చేస్తే కెప్టెన్ వెంటనే అంటాడు, అవసరమైతే లాక్కుంటాడు. కెప్టెన్ తప్పు చేస్తే ఫస్ట్ ఆఫీసర్ ఆలోచిస్తాడు.

వృత్తి తగాదా సరాసరి విమానంలోకి వస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటి మన పైలట్లలో చాలామందికి తెలియదు. 1972లో బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్‌లో పైలట్ల సమ్మె గురించి తీవ్ర విభేదాలు నడుస్తున్నాయి. జూన్ 18న ఒక సీనియర్ కెప్టెన్, సమ్మెకు వ్యతిరేకి, క్రూ రూములో అందరి ముందూ ఒక ఫస్ట్ ఆఫీసర్ మీద అరిచాడు. ఆ తర్వాత ఆయన ట్రైడెంట్ విమానంలో బ్రస్సెల్స్‌కు బయలుదేరాడు. పక్కన ఉన్న కో-పైలట్‌కు 22 ఏళ్లు, ఆ విమానానికి కొత్త. హీత్రో నుంచి లేచిన కొద్దిసేపటికే, వేగం చాలా తక్కువగా ఉండగా రెక్కల ముందుభాగంలోని డ్రూప్స్ (తక్కువ వేగంలో ఎగరడానికి తోడ్పడే భాగాలు) ముడుచుకున్నాయి, విమానం స్టాల్ అయి స్టెయిన్స్ దగ్గర కూలి 118 మంది మరణించారు. కెప్టెన్‌కు తీవ్రమైన గుండె జబ్బు ఉన్నట్టు పోస్ట్‌మార్టంలో తేలింది. మాట్లాడుతూనే, కూర్చునే, లోలోపల పనిచేయలేని స్థితికి చేరిన పైలట్‌ను గుర్తించే శిక్షణ సిబ్బందికి లేదని విచారణ ఎత్తిచూపింది. కాక్‌పిట్‌లో సంభాషణ రికార్డు చేసే పరికరం అప్పుడు ఆ విమానంలో లేదు కనుక అక్కడున్న సిబ్బంది ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. అంతకు ముందే ఒక సీనియర్ కేకలు విన్న ఆ యువకుడు ఆయనను ఎంత గట్టిగా ప్రశ్నించి ఉంటాడో మాత్రం మీరు నాకన్నా బాగా ఊహించగలరు.

మన కోజికోడ్ ప్రమాదానికి రికార్డు ఉంది. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి 190 మందితో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737, వానలో మొదటి అప్రోచ్ వదులుకుని, రెండోసారి 10వ నంబరు రన్‌వే వైపు వెనకగాలితో వచ్చింది. కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయడం లేదు. 2,700 మీటర్ల టేబుల్‌టాప్ (చివర లోయలున్న గుట్ట మీది) రన్‌వేలో దాదాపు సగం దాకా విమానం నేల తాకలేదు. ఫస్ట్ ఆఫీసర్ ‘గో ఎరౌండ్’ అన్నాడు. ఆ మాట రికార్డులో ఉంది. విమానం అలాగే దిగి, రన్‌వే చివర దాటి లోయలో పడి విరిగింది. పైలట్లిద్దరితో సహా 21 మంది మరణించారు. నడుపుతున్న కెప్టెన్ ఎస్‌ఓపీ (నిర్ణీత పని విధానం) పాటించకపోవడాన్ని మన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదిక ప్రధాన కారణంగా చెప్పింది. ఆ వెంటే, ఇద్దరి మధ్య అధికార అంతరం నిటారుగా ఉండడం, పరిస్థితి తెలిసి కూడా ఫస్ట్ ఆఫీసర్ కంట్రోల్స్ తీసుకోకపోవడం గురించి కూడా చెప్పింది. ఆ కెప్టెన్ వాయుసేనలో పేరు పొందిన పైలట్, పది వేల గంటలకు పైగా అనుభవం ఉన్నవారు. ఆయన సామర్థ్యాన్ని ఇవాళ ఎవరూ శంకించనక్కరలేదు. అంతటి సమర్థుడి పక్కన సరైన మాట సరైన పదాల్లో పలికినా అది ఒక సలహా స్థాయిలోనే ఉండిపోయిందన్నదే నన్ను ఇప్పటికీ వేధించే విషయం.

పదేళ్ల ముందు, 2010 మే 22న, మంగళూరులో కూడా ఇంతే. అదే సంస్థ, అదే దుబాయ్ రూటు, మరో టేబుల్‌టాప్. కెప్టెన్ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయి, దిగే వేళకు లేచాడు. విమానం ఉండవలసిన ఎత్తుకు చాలా పైన ఉంది. ఫస్ట్ ఆఫీసర్ గో ఎరౌండ్ అని పలుమార్లు అన్నాడు. రన్‌వే మీద 5,200 అడుగులు గడిచాక చక్రాలు తాకాయి, 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. ఈ రెండు నివేదికలనూ మీరు పూర్తిగా చదవాలి, ముందు మాట కోసం కాక కాక్‌పిట్ సంభాషణ కోసం.

ఇద్దరూ కెప్టెన్లే అయితే ఈ సమస్య పోతుందనుకుంటారు. పోదు, వేరే రూపంలో వస్తుంది. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 రన్‌వేకు ముందే కూలి 92 మంది మరణించారు. ఎడమ సీటులో పరీక్ష ఇస్తున్న కెప్టెన్, కుడి సీటులో పరీక్షిస్తున్న కెప్టెన్, విమానం సంస్థకు కొత్త. ఇంజిన్లు ఐడిల్‌లో (కనీస శక్తిలో) ఉండి వేగం పడిపోతుంటే, దిద్దే అవకాశం ఇద్దామని ఒకరు, దిద్దవలసింది ఉంటే అవతలివారు చెబుతారని ఒకరు ఆగి ఉంటారా అన్న ప్రశ్న శిక్షకులందరినీ వెంటాడాలి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రపు గట్టును తాకిన ఏషియానా 777లోనూ ఎడమవైపు కొత్త విమానం నేర్చుకుంటున్న కెప్టెన్, కుడివైపు శిక్షకుడి హోదాలో మొదటిసారి ఎక్కిన కెప్టెన్. ఆటోథ్రాటిల్ వేగాన్ని చూసుకుంటోందని ఇద్దరూ అనుకున్నారు.

మరి కుడి సీటు, అంటే ఫస్ట్ ఆఫీసర్, ఎందుకు మెత్తగా మాట్లాడుతుంది? పిరికితనం అనడం సులువు, కానీ అన్యాయం. మన తెలుగు ఇళ్లలో పొలం తాకట్టు పెట్టి, ఇల్లు కుదువబెట్టి పిల్లలను పైలట్ శిక్షణకు పంపిన తల్లిదండ్రులు నాకు ఎంతోమంది తెలుసు. లైసెన్స్ ఖర్చు, ఆ మీద టైప్ రేటింగ్ ఖర్చు, ఆ మీద బాండ్ (ఇన్నేళ్లు సంస్థలోనే ఉంటానన్న ఒప్పందం). ఆ అప్పు మోస్తున్న పాతికేళ్ల అబ్బాయికో అమ్మాయికో పక్కన కూర్చున్న కెప్టెన్, రేపు తన కమాండ్ అప్‌గ్రేడ్ ఫైలులో రెండు వాక్యాలు రాయగల మనిషి. పైలట్ల లోకం చిన్నది, పేరు పడితే సంస్థ మారినా వెంట వస్తుంది. దీనికి తోడు పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదన్న పెంపకం ఉంది, అది చెడ్డ పెంపకం కాదు, కానీ 500 అడుగుల దగ్గర అది పనికిరాదు. హోటల్లో, క్రూ బస్సులో ‘సర్’ అనండి, మనసారా అనండి. కాల్‌అవుట్‌లో (కాక్‌పిట్‌లో పైకి పలకవలసిన నిర్ణీత మాటల్లో) మాత్రం ‘సర్’, ‘కొంచెం’, ‘ఏమో’ అనే మూడింటినీ వదిలేయండి. ‘స్పీడ్’, ‘సింక్ రేట్’ (దిగే వేగం ఎక్కువగా ఉంది), ‘అన్‌స్టేబుల్, గో ఎరౌండ్’. ఈ మాటలను రాసి పెట్టింది మీరు కాదు, సంస్థ. వాటిని పలికేటప్పుడు మీరు మీ తరఫున మాట్లాడడం లేదు.

సిమ్యులేటర్‌లో నేను తరచూ చేయించిన అభ్యాసం ఒకటి చెబుతాను. కెప్టెన్‌కు ముందే రహస్యంగా చెప్పి ఉంచుతాను, 500 అడుగులు దాటాక పలకవద్దని. విమానం మెల్లగా దారి తప్పుతుంది. ఫస్ట్ ఆఫీసర్ ఒకసారి పిలుస్తాడు, జవాబు రాదు. రెండోసారి పిలుస్తాడు, జవాబు రాదు. రెండు పిలుపులకు స్పందన లేకపోతే కంట్రోల్స్ తీసుకోవాలన్నది అందరూ పరీక్షలో రాసి పాసైన నియమమే. కానీ ఆ క్షణంలో కుడిచెయ్యి తొడ మీద నుంచి లేచి సైడ్‌స్టిక్ దాకా వెళ్లి, దానిని తాకకుండా ఆగుతుంది. కళ్లు కెప్టెన్ ముఖం వైపు తిరుగుతాయి. పైన గొంతు లెక్కపెడుతూనే ఉంటుంది, ఫోర్ హండ్రెడ్, త్రీ హండ్రెడ్. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగుతున్నప్పుడు 500 నుంచి నేల దాకా నలభై సెకన్ల పైచిలుకే ఉంటాయి, వాటిలో పది సెకన్లు ఈ ముఖం చూడడంలో పోతాయి. తర్వాత మాట్లాడుకుంటే, విమానం సంగతి ముందే తెలిసిందని, ‘ఆయన ఏమనుకుంటారో’ అన్నదే చేతిని ఆపిందని చాలామంది నిజాయితీగా చెప్పారు. అందుకే ఆ చేతి కదలికను కండరాలకు అలవాటయ్యేదాకా చేయించాలి: సైడ్‌స్టిక్ మీది ఎర్ర బటన్ నొక్కి పట్టుకోవడం, ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అనడం, ఇంజిన్ల శక్తిని పెంచే థ్రస్ట్ లివర్లు టోగా (పూర్తి శక్తి) దాకా తోయడం, ముక్కు ఎత్తడం.

అయితే ఈ అభ్యాసంలో ఒక లోటు ఉంది, దాని గురించి శిక్షణ విభాగాలతో నేను చాలాసార్లు వాదించాను. మౌనంగా ఉన్న కెప్టెన్ దగ్గర నుంచి కంట్రోల్స్ తీసుకోవడం చివరికి అందరికీ వస్తుంది, ఎందుకంటే ఆయన పాపం స్పృహ తప్పాడని మనసు సర్దిచెప్పుకుంటుంది. కోజికోడ్‌లో, మంగళూరులో కెప్టెన్లు స్పృహలోనే ఉన్నారు, నడుపుతూనే ఉన్నారు. కాబట్టి సిమ్యులేటర్‌లో కెప్టెన్ ‘నేను చూసుకుంటాను, కంగారు పడకు’ అని ధీమాగా అంటూ తప్పు అప్రోచ్‌ను కొనసాగించే అభ్యాసం కూడా ఉండాలి. అప్పుడే ఫస్ట్ ఆఫీసర్‌కు అసలు పరీక్ష. ఆ పరీక్షలో కెప్టెన్‌కూ మార్కులుండాలి: గో ఎరౌండ్ అన్న మాట వినగానే ఆయన చేయి ఎంత త్వరగా లివర్ల మీదికి వెళ్లింది, ఆ తర్వాత విసుక్కున్నాడా లేదా అన్నవి చూడాలి. మాట విననివాడిని ఎంత మంచి చేతిపని ఉన్నా కమాండ్ చెక్‌లో పాస్ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

వినడం వల్ల కెప్టెన్ అధికారం తగ్గిపోతుందనుకునేవారికి యునైటెడ్ 232 చాలు. 1989 జూలై 19న ఆ డీసీ-10 వెనక ఇంజిన్ పేలి హైడ్రాలిక్స్ (కంట్రోల్స్‌ను కదిపే ద్రవ వ్యవస్థలు) మొత్తం పోయాయి, కంట్రోల్స్ ఏవీ పనిచేయలేదు. కెప్టెన్ అల్ హేన్స్‌కు ఎంతో అనుభవం ఉంది గానీ, అలాంటి విమానాన్ని నడిపిన అనుభవం అప్పటికి ప్రపంచంలో ఏ పైలట్‌కూ దాదాపుగా లేదు. ప్రయాణికుల్లో ఉన్న డెనీ ఫిచ్ అనే డీసీ-10 శిక్షకుడిని ఆయన కాక్‌పిట్‌లోకి పిలిపించి, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిల్స్ అప్పగించాడు. సీట్ల మధ్య చోటులో ఉండి ఫిచ్ వాటితోనే విమానాన్ని తిప్పాడు. 296 మందిలో 112 మంది చనిపోయినా 184 మంది బతికారు. తమ సంస్థ ఇచ్చిన క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ (సిబ్బంది అంతా కలిసి పనిచేసే పద్ధతి) శిక్షణే అందుకు తోడ్పడిందని హేన్స్ ఆ తర్వాత జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఆ శిక్షణ ఊరికే రాలేదు. 1978 డిసెంబరు 28న అదే సంస్థ డీసీ-8 ఒకటి పోర్ట్‌లాండ్ దగ్గర ల్యాండింగ్ గేర్ సమస్యతో చక్కర్లు కొడుతూ ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని తెలిసిన మిగతా సిబ్బంది కెప్టెన్‌కు ఆ విషయం గట్టిగా ఎక్కించలేకపోయారు. ఆ సంస్థ 1981లో ఈ శిక్షణ మొదలుపెట్టింది.

కెప్టెన్ చేయగలిగింది ఇంకొకటి ఉంది, అది బయలుదేరే ముందు పది నిమిషాల్లోనే తేలిపోతుంది. ‘తప్పు చేస్తే చెప్పు’ అని అందరూ అంటారు, దాని వల్ల ఏమీ మారదు. ‘ఇవాళ రన్‌వే తడిగా ఉంది, టచ్‌డౌన్ జోన్ (రన్‌వే మొదట్లో చక్రాలు తాకవలసిన భాగం) దాటేదాకా చక్రాలు తాకకపోతే నువ్వు గో ఎరౌండ్ అను, నేను వాదించను’ అంటే మారుతుంది, ఎందుకంటే అప్పుడు ఫస్ట్ ఆఫీసర్ ఎదిరించడం లేదు, అప్పగించిన పని చేస్తున్నాడు. మీ కెప్టెన్ ఇలా అనకపోతే బ్రీఫింగ్‌లో ‘ఏవైనా సందేహాలా’ అని అడిగినప్పుడు మీరే అనండి: ‘వెయ్యి అడుగుల దగ్గర నిలకడ లేకపోతే నేను గో ఎరౌండ్ కాల్ ఇస్తాను.’ నేలమీద, ప్రశాంతంగా, ముందే అన్న మాటకు గాలిలో బలం ఉంటుంది.

ఇక మీ చివరి ప్రశ్న. రిపోర్టు రాయండి. మన దేశంలో సంస్థలు ఫ్లైట్ డేటాను పరిశీలిస్తాయి కనుక ఆ అప్రోచ్ ఎలా జరిగిందో వారి కంప్యూటర్‌లో ఇప్పటికే ఉండి ఉంటుంది, లేనిది మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారన్నది. అదే ఫ్లైట్ సేఫ్టీ విభాగానికి కావలసింది. వీలైతే రాసే ముందు కెప్టెన్‌తో ఒక్కసారి నేరుగా మాట్లాడండి. ‘ఆ రోజు నేను సరైన కాల్ ఇవ్వలేదు, ఆ సంగతి రాస్తున్నాను’ అని చెబితే, కోపం రావచ్చు గానీ వెన్నుపోటు అనే అవకాశం ఉండదు. రిపోర్టులో ఎత్తు, వేగం, ఏ అడుగుల దగ్గర ఏ కాల్ ఇచ్చారు, ఏ కాల్ ఇవ్వలేదు, ఎందుకు ఇవ్వలేదు అన్నవి రాయండి. బే దగ్గర ఆయన అన్న మాట, ఆయన నేపథ్యం, మీ బాధ అందులో వద్దు. ఆ మాట మిమ్మల్ని నొప్పించిందని నాకు తెలుసు. దానికి చోటు మీ సంస్థలోని పైలట్ల పీర్ సపోర్ట్ బృందంలోనో, మీరు నమ్మే ఒక శిక్షకుడి దగ్గరో ఉంటుంది. మీ రిపోర్టును చదివినవారు మీ మీదకు తిరిగితే, ఆ సంగతిని కూడా రాతపూర్వకంగానే పెట్టి, మీ పైలట్ సంఘానికి ఒక ప్రతి పంపండి.